బొట్టు పెట్టిన ఫోటో

“ఈ ఫోటో పనికిరాదప్పా. ఇంకోటి తీయి” అంది ఓబులమ్మ, కవరును దాసప్ప ముందుకు తోసేస్తూ.

స్టూడియో దాసప్ప కళ్ళజోడు సర్దుకుని ఫోటో చూశాడు. “ఏమైందమ్మా? తెల్ల యూనిఫారం ఉండాది, నెత్తిన టోపీ ఉండాది, చెవులు రెండూ కనపడతాండాయి. నర్సు ఫోటోకు ఇంకేం కావాల?”

“బొట్టు యాడ?”

దాసప్ప ఫోటోలోకి చూశాడు, పక్కన నిలబడిన ఇంద్రాణి మొహంలోకి చూశాడు. రెండు చోట్లా నుదురు ఖాళీగానే ఉంది.

“బస్సులో చెమటకు పోయిందిలే అమ్మా” అంది ఇంద్రాణి, మొహం పక్కకు తిప్పుకుని. “ఐదుకంతా దరఖాస్తుల కౌంటరు మూసేస్తారు. ఇప్పటికే మూడున్నర. పరీక్ష రాసేది చేత్తో, బొట్టుతో కాదు.”

నర్సింగ్ స్కూల్లో మూడున్నరేళ్ళ చదువు ముగిసినా, బోర్డు పరీక్ష రాసి రిజిస్టరులో పేరెక్కితేగానీ ఏ ఆస్పత్రీ రానివ్వదు. దరఖాస్తు ఇవ్వడానికి ఈ రోజే ఆఖరు. తప్పిందంటే మళ్ళీ ఏడాది దాకా ఇంట్లో కూర్చోవడమే. పని ఆఖరు రోజు దాకా వచ్చిందీ ఓబులమ్మ వల్లనే. మొన్న మంగళవారమంది, నిన్న అమావాస్య అంది. ఈ రోజు తెల్లవారుజామున చిలమత్తూరులో బస్సెక్కి, హిందూపురంలో మారి, అనంతపురంలో దిగేసరికి మధ్యాహ్నమైంది. ఇంత చేసిన మనిషి ఇప్పుడు తీరిగ్గా బొట్టు పంచాయితీ పెట్టింది.

ఓబులమ్మ సంచిలోంచి లేపాక్షి గుడి కుంకుమ పొట్లం తీసింది.

“తెల్లబట్ట కట్టుకోమన్నారు, కట్టుకున్నావు. మూడున్నరేండ్లు ఆ బట్ట నేనే ఉతికినా, నేనే నీలం పెట్టినా. బొట్టు తీసేయమని ఏ కాగితంలో రాసినారో చూపీ.”

“ఎవరూ రాయలేదులే.”

“అట్లయితే ఇట్రా. నా బిడ్డ మొగం బోసిగా ఉంటే నేను చూడలేను.”

ఉంగరం వేలితో రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టింది. దాసప్పకు నవ్వాగలేదు.

“ఇంత బొట్టయితే టోపీకంటే అదే ముందు కనపడతాది తల్లీ!”

“కనపడనీ. ఊరందరికీ కనపడనీ.”

పంతానికి ఓబులమ్మ పెట్టింది పేరు. ఇంద్రాణిని నర్సింగ్‌లో చేర్పించిన రోజు పక్కింటి మారెక్క గడపలో నిలబడి, “ఆడబిడ్డను పట్నం పంపి చెడగొడతాండావు” అంది. “నీ ఇంట్లో సంగటి తిని పోతాందా మే?” అని ఓబులమ్మ అక్కడికక్కడే ఆమె నోరు మూయించింది. ఆ మాట తలచుకుంటే ఇంద్రాణికి ఇప్పటికీ ఏడుపూ నవ్వూ కలిసి వస్తాయి. ఈమె లేకపోతే తనెక్కడ, ఈ టోపీ ఎక్కడ!

కొత్త ఫోటో ప్రింటు వచ్చేదాకా ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. ఇంద్రాణి కళ్ళు గోడ గడియారం మీదే ఉన్నాయి. ఓబులమ్మ మాత్రం ఇంకో కథ మొదలుపెట్టింది.

“ఈ పరీక్ష కానీ. పెండ్లి చేసేస్తా. హిందూపురంలో కాంపౌండరంట, తాగడంట, మంచోడంట.”

“నాకొద్దు.”

“ఎందుకొద్దు?”

“నేను పోతే నిన్నూ నాయననూ ఎవరు చూస్తారు?”

“మాకేమైంది? కాళ్ళూ చేతులూ ఉండాయి. నాయన కూడా ఊ అన్నాడు. నీకు పాతికేండ్లు కూడా నిండలే. మా మొగాలు చూసుకుంటా ఎన్నాళ్ళు కూర్చుంటావు?”

ఇంద్రాణి ఆమె చేయి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. బ్రష్షు పెట్టి రుద్దినా పోనంతగా ఎర్రమట్టి పట్టిన చేయి అది.

ప్రింటు చేతికొచ్చేసరికి నాలుగున్నర దాటింది. ఆటో దొరకలేదు. ఒకరు టోపీ పట్టుకుని, ఇంకొకరు చీర కుచ్చిళ్ళు పట్టుకుని పరుగెత్తారు. కౌంటరు దగ్గరకు చేరేసరికి గుమాస్తా విజయభాస్కర్ షట్టరు తలుపు సగం దించేశాడు.

“టైమైపోయింది. పోండి.”

“ఇంకా ఐదు నిమిషాలుండాది సార్” అంది ఇంద్రాణి, రొప్పుతూ.

ఓబులమ్మ తలుపు కింద నుంచి ఒక పొట్లం లోపలికి జరిపింది. “మా చేనివే నాయనా, వేయించిన చెనక్కాయలు. వాన ఎగ్గొట్టినా ఇవి మిగిలినాయి. తినుకుంటా చూడు, తొందరేం లేదు.”

విజయభాస్కర్‌కు కోపం రావలసింది, నవ్వొచ్చింది. తలుపు పైకెత్తాడు. మార్కుల లిస్టు చూశాడు, ఫోటో అంటించాడు.

“బొట్టు ఘనంగా ఉండాదే!”

“నేనే పెట్టినా.”

“చెప్పాల్నా? మొండితనం చూస్తేనే తెలుస్తాండాది తల్లీబిడ్డలని. అచ్చు నీ పోలికే.”

ఆ మాటకు ఓబులమ్మ మొహం వెలిగిపోయింది. సంరక్షకుల గడిలో వేలిముద్ర వేయమంటే, రోకటి పోటు వేసినట్టు గట్టిగా అద్దింది.

“ఆమె నీకేమైతుందో పక్కన రాయి పాపా. ఉన్నదున్నట్టు రాయాల. రికార్డుతో తేడా వస్తే దరఖాస్తు పక్కన పడేస్తారు.”

“అమ్మ అని రాయి” అంది ఓబులమ్మ, ఇంద్రాణి భుజం మీదుగా తొంగి చూస్తూ. అక్షరం ముక్క రాకపోయినా ఆమెకు ఆ గడి మీద గట్టి పట్టుదల ఉంది.

ఇంద్రాణి పెన్ను ఒక క్షణం ఆగింది. తర్వాత గబగబా రాసి కాగితం లోపలికిచ్చింది. విజయభాస్కర్ చదివాడు. తలెత్తి ఓబులమ్మను చూశాడు. ఇంకేమీ అడగకుండా ముద్ర కొట్టి, రసీదు చించి ఇచ్చాడు.

“ఏం రాసినావు?” అంది ఓబులమ్మ, మెట్లు దిగుతూ.

“నువ్వు చెప్పిందే రాసినా అమ్మా.”

కాగితం మీద మాత్రం ‘చనిపోయిన నా భర్త తల్లి’ అని ఉంది.