బాబీ సీటు

“ఇందులో ఇంత చర్చ ఎందుకండీ? టీసీ ఇచ్చి పంపేద్దాం,” అన్నాడు ఉదయ్‌కుమార్.

స్కూలు బోర్డులో చేరాక అతనికిదే మొదటి మీటింగ్. అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ మేనేజరు. దారి పొడవునా లారీలు అడ్డం పడి ఆలస్యంగా వచ్చాడు. అప్పటికే పరిచయాలు అయిపోయాయి. ప్రెసిడెంటు అర్జునరావు, ప్రిన్సిపాల్ హేమశ్రీ అతనికి తెలిసినవాళ్ళే. మూడో ఆవిడ గౌరీశ్వరి అనీ, పేరెంట్ల తరఫు మెంబరనీ అర్జునరావు గబగబా చెప్పి ఊరుకున్నాడు.

గోపాలపట్నంలో ఉన్న ఆ బడికి అందరిలా చదువు ఒంటబట్టని పిల్లలు వస్తారు. అక్షరాలు తారుమారయ్యేవాళ్ళు, కుదురుగా కూర్చోలేనివాళ్ళు, మోత భరించలేనివాళ్ళు. బాబీకి ఆ మూడూ ఉన్నాయి. మామూలు స్కూళ్ళు వద్దని పంపేస్తే ఇక్కడికొచ్చాడు. పోయిన వారం వరండా గోడకి కెమెరాలు బిగిస్తుంటే ఆ డ్రిల్లు మోతకి చెవులు మూసుకుని అరిచాడు. పనివాడు ఆపలేదు. బాబీ చేతికందిన స్టీలు క్యారేజీ విసిరేశాడు. అది చందు అనే పిల్లాడి కనుబొమ్మకి తగిలి కుట్లు పడ్డాయి. అప్పట్నించీ ఇద్దరూ ఇళ్ళలోనే ఉన్నారు.

“టీసీ ఇత్తే ఆడెక్కడికెల్తాడు బాబూ?” అంది గౌరీశ్వరి.

“అది వాళ్ళింట్లోవాళ్ళు చూసుకోవాలమ్మా.”

“సూసుకునే ఇక్కడికి తెచ్చారు. పంపేసిన పిల్లల కోసం పెట్టిన బడి ఇది. ఇదీ పంపేత్తే ఇంకేటి మిగిల్నట్టు?”

ఆవిడ కుర్చీ అంచునే కూర్చుంది. చేతిలో ఫోను వదలడం లేదు. అయినా మాట తగ్గడం లేదు. ఆ ఊపు చూస్తే ఎవరి తల్లో వేరే చెప్పక్కర్లేదనిపించింది ఉదయ్‌కుమార్‌కి.

“సార్,” అన్నాడు అర్జునరావు వైపు తిరిగి. “గొడవలో ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఓటు వెయ్యకూడదు కదా?”

“వెయ్యకూడదు. ఆవిడ వెయ్యదు కూడా. మాట్లాడొద్దని మాత్రం రూల్లో లేదు.”

గౌరీశ్వరి ఫోను మోగింది. అత్తగారు.

“అన్నం తిన్నాడా?... పోనీ, బలవంతం సెయ్యకు. నానొచ్చి తినిపిత్తాను... మళ్ళీ అదే అడుగుతన్నాడా? సోమారం ఎల్తావని సెప్పు.”

ఫోను పెట్టేసి కొంగుతో మొహం తుడుచుకుంది.

“సోమవారమని మీరే తేల్చేస్తే ఎలాగమ్మా?” అన్నాడు ఉదయ్‌కుమార్. “ఆ కన్నే పోయుంటే? ఆ ఆలోచన మీకొచ్చిందా?”

“రాకపోవడమేటి బాబూ. కళ్ళు మూత్తే అదే. నాకు అన్నీ బయాలే. వ్యాను రాకపోతే బయం. పిల్లాడు దగ్గితే బయం. మా ఆయన బోటెక్కితే తిరిగొచ్చేదాకా బయం. ఆ నెత్తురు నాను సూసాను. మీరు సూళ్ళేదు.”

“మరి?”

“మరేటి? మీ కంపెనీలో సైరన్ మోగితే అందరూ ఏటి సేత్తారు?”

“బయటికి పరిగెడతారు.”

“ఆడూ పరిగెడదావనే సూసాడు. గుమ్మానికి నిచ్చెన అడ్డం. ఆదివారం పెట్టించండి ఈ పని అని నాను మొత్తుకున్నాను. ఎవరైనా ఇన్నారా? మోత పెట్టింది మనం. టీసీ ఆడికా?”

అర్జునరావు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

“నాకూ భయంగానే ఉందక్కా,” అంది హేమశ్రీ మెల్లగా. “మళ్ళీ ఏదన్నా జరిగితే తల్లులందరూ నన్నే అడుగుతారు.”

“అడగనీ. నన్ను సూపించు. బయపడతన్నావని పంపేత్తావా? అలాగైతే అందరికన్నా ముందు నన్ను పంపెయ్.”

ఉదయ్‌కుమార్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “అమ్మా, తల్లిగా మీ బాధ నాకర్థమైంది. మీ స్థానంలో ఎవరున్నా ఇలాగే మాట్లాడతారు.”

“మాటాడరు,” అంది గౌరీశ్వరి. “శానామంది మాటాడరు బాబూ. మా ఈదిలో ఒక్కరూ మాటాడ్లేదు. మా ఆయనే మాటాడ్లేదు.”

“దెబ్బ తగిలిన పిల్లాడి తరఫువాళ్ళు రేపు పోలీస్ స్టేషన్‌కెళ్తే?”

“ఎవరూ ఎల్లరు.”

“గ్యారంటీ ఎవరిస్తారు?”

“నాను ఇత్తన్నాను. సాలదా?”

అతను నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

“సరే,” అన్నాడు అర్జునరావు. “బాబీని పంపెయ్యాలన్నవాళ్ళు చెయ్యెత్తండి.”

“ఎత్తేవోళ్ళు నా మొకం సూసి ఎత్తండి,” అంది గౌరీశ్వరి.

హేమశ్రీ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. అర్జునరావు చెయ్యి బల్ల మీదే ఉంది. ఉదయ్‌కుమార్ చెయ్యి భుజం దాకా లేచింది. ఆవిడ కళ్ళు తిప్పలేదు. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఆగి, చెంప రుద్దుకుని కిందికి దిగింది.

“అయితే బాబీ ఉంటాడు,” అన్నాడు అర్జునరావు.

గౌరీశ్వరి లేచి సంచీ భుజానికి తగిలించుకుంది. గుమ్మం దగ్గర ఆగి హేమశ్రీతో అంది: “సోమారం ఇద్దర్నీ ఎప్పట్లాగే పక్కపక్కనే కూసోబెట్టు. ఎడంగా కూసోబెడితే మావోడికి బయం ఇంకా పెరుగుద్ది. మోత పెట్టే పనులన్నీ ఆదివారానికే. ఈసారి నా మాట ఇను.”

బస్సు తప్పిపోతుందన్న కంగారుతో గబగబా మెట్లు దిగిపోయింది.

ఉదయ్‌కుమార్ అర్జునరావు వైపు తిరిగాడు.

“గట్టి మనిషే సార్. కానీ పక్కపక్కన కూర్చోబెట్టడమంటే అంత తేలికా? ఆ చందు వాళ్ళమ్మ ఒప్పుకోవద్దూ? ఆవిడతో ఎవరు మాట్లాడతారు?”

అర్జునరావు కళ్ళజోడు పెట్టుకుని అతని వైపు వింతగా చూశాడు.

“ఇంతసేపూ మీతో మాట్లాడింది ఆవిడే.”