వెనక్కి ఎగిరే రాయి

చిన్నేరు పొంగి రాయకోట దారిలో తారంతా ఎత్తుకుపోయిన ఏడు అది. తారు పోయిన చోటల్లా కంకర తేలింది. బైరప్ప కొత్త పికప్ వ్యానుకు ఆ కంకరే శని అయింది.

"చూడు నరసింహప్పా," అని బైరప్ప ముందు చక్రం వెనకాల రేకు మీద వేలు పెట్టి చూపించాడు. నీలం పెయింటు గోరంత గోరంత లేచిపోయి లోపలి ఇనుము కనబడుతోంది. "టైరు కంకర ఎగరేసి కొడతా ఉంది. కొని నాలుగు నాళ్ళు కాలేదు, అమ్మవారు పోసిన మొఖం మాదిరి అయిపోయింది నా బండి."

పాత లారీ టైరు కోసి చేసిన రబ్బరు ముక్కలు రెండు నేల మీద ఉన్నాయి. రెండింటి మీదా తెల్ల పెయింటుతో తన పేరు రాయించుకున్నాడు. ముందు చక్రాల వెనకాల ఒక్కోటి బిగించి, లేచి చేతులు దులుపుకున్నాడు. ఇంక రాయి ఎగిరినా రబ్బరుకే తగులుతుంది.

పాల క్యాన్ల సైకిలు పట్టుకొని నిలబడిన నరసింహప్ప వంగి చూశాడు. "మరి వెనక చక్రాలకో?"

"వాటికెందుకు? వెనక టైరు రాయి వెనక్కే పోతుంది. నా పెయింటుకు తగల్దు."

"ముందర గోచి పెట్టుకొని వెనక బిత్తలగా తిరిగేవాణ్ణి ఈ పొద్దే చూస్తా ఉండా. నీ వెనకాల సైకిలు తొక్కేది నేను కదప్పా! ఆ రాయి నా మొఖానికి కదా వచ్చేది?"

"నీ మొఖానికి పెయింటేమన్నా ఉందా, పోయేదానికి?"

ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు.

వారం తిరగలేదు. టమాటా బుట్టలు వేసుకొని మండీకి పోతున్న బైరప్ప, కొండ మలుపులో నరసింహప్ప సైకిలును దాటాడు. హారను కొడితే నరసింహప్ప చెయ్యి ఎత్తాడు కూడా. వేలం మొదలైపోతుందని బైరప్పకు తొందర. యాక్సిలరేటరు గట్టిగా తొక్కాడు. వెనక చక్రం కంకరలో గిర్రున తిరిగింది.

అద్దంలో చూస్తే సైకిలు పడి ఉంది. పాలు దారంతా తెల్లగా పారుతున్నాయి. చాలా వెనకగా క్వారీ లారీ ఒకటి వస్తోంది.

కంకరలో జారి పడ్డాడులే, లారీవాళ్ళు లేపుతారులే అనుకున్నాడు. బండి ఆపలేదు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి ఊరి మొదట్లో గుంపు. నడుమ క్వారీ లారీ డ్రైవరు మారియప్ప. చొక్కా నిండా ఎండిన నెత్తురు. అది అతనిది కాదు, నరసింహప్పది.

"కన్ను పోయిందప్పా," అన్నాడు ఊరిపెద్ద ఆదిశేషయ్య. "ఏదో బండి ఎగరేసిన రేగ్గాయంత రాయి. ఇంక చూపు రాదని కృష్ణగిరి ఆస్పత్రిలో చెప్పేసినారు."



"పడిపోయుంటే ఎత్తుకొని ఆస్పత్రిలో చేర్చినాను సామీ," అంటున్నాడు మారియప్ప. "లారీ క్వారీలో పెట్టి, వాళ్ళింట్లో చెప్పిపోదామని వచ్చినాను. నేనే కొట్టి నేనే ఎత్తుకొస్తానా?"

"కొట్టినోడివి కాకుంటే నీకెందుకంత అక్కర?" అన్నారెవరో.

"నరసింహప్ప ఏమంటా ఉండాడు?" అని బైరప్ప మెల్లగా అడిగాడు.

"ఎవరి బండో చూడలేదంటాడు," అన్నాడు ఆదిశేషయ్య.

బైరప్ప తల వంచుకున్నాడు. చెయ్యి ఎత్తినవాడు చూడకుండా ఎట్లుంటాడు?

"పొద్దున ఆ దారిలో పోయింది రెండే బండ్లు," అన్నాడు ఆదిశేషయ్య మళ్ళీ. "ఒకటి మన బైరప్పది. దానికి రబ్బర్లు కట్టుకొని ఉండాడు, ఊరంతా చూసినాం. ఇంకోటి నీదే."

"నా లారీకీ వెనక రబ్బర్లు ఉండాయి సామీ! మా అమ్మ తోడు!"

"ఉంటే నీ దారిన నువ్వు పో. లేకుంటే పోలీసు స్టేషనే. పొద్దున్నే క్వారీకి పోయి చూస్తాం. అందాకా ఈడే ఉండు."

మారియప్ప మొహంలో నెత్తురుచుక్క లేదు. బైరప్ప వ్యాను ఎక్కి ఇంటికి పోయాడు.

మరునాడు వెలుగు రాకముందే బైరప్ప కత్తి, స్పానరు తీసుకొని వ్యానులో క్వారీకి పోయాడు. లారీ రబ్బర్లు కోసి గుంతలో పారేస్తే, ఇంక తన వైపు చూసేవాడుండడు. లారీ వెనక వంగి చేత్తో తడిమాడు.

రబ్బర్లు లేవు. తుప్పు పట్టిన కమ్మీ ఒకటి మాత్రం చేతికి తగిలింది. ఆ లారీకి ఏనాడూ రబ్బర్లు కట్టినట్టే లేదు. మారియప్ప ప్రాణభయంతో అబద్ధమాడాడు.

కోసేదానికి ఏమీ లేదు. ఊరికే ఇంటికి పోతే చాలు. బైరప్ప ఆ కమ్మీ పట్టుకొని, తెల్లవారేదాకా అట్లాగే కూర్చున్నాడు.

పొద్దెక్కాక ఊరివాళ్ళు మారియప్పను ముందు పెట్టుకొని క్వారీకి వచ్చారు. మారియప్ప తలెత్తి తన లారీ వైపు చూడలేదు.

"ఉండాయి కదప్పా రబ్బర్లు!" అన్నారెవరో.

మారియప్ప ఉలిక్కిపడి చూశాడు. వెనక చక్రాల వెనకాల నల్లగా రెండు రబ్బర్లు వేలాడుతున్నాయి. అవతల నీలం వ్యాను నిలబడి ఉంది. దాని ముందు చక్రాల వెనకాల ఏమీ లేదు. పక్కన బండ మీద బైరప్ప కూర్చున్నాడు.

ఆదిశేషయ్య లారీ దగ్గరికి పోయి, వంగి, రబ్బరు మీది తెల్ల అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కొని చదివాడు.

పేరు లోపలికి తిప్పి కట్టి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. బైరప్ప, దుమ్ము తుడిచి మరీ, బయటికి తిప్పి కట్టాడు.