పేరు లేని వరుస

హెడ్డింగుల కింద వరుసలు పేర్చే మా ప్రోగ్రాంకి సీతాపతి అన్న కొత్త ఫ్లాపీ ఇచ్చినప్పట్నుంచి ఈ పీడ. పాత దాంట్లో యాడ పెట్టిన వరుస ఆడే ఉండేది.

పరీక్షకని ‘లోపల’, ‘బయట’ అని హెడ్డింగులు కొట్టినాను. ఆ రాత్రి ఆఫీసులో నేనొక్కదాన్నే కాబట్టి లోపల నా పేరు, బయట మిగతావాళ్లవి. చివర్లో పేరు లేని ఖాళీ వరుస ఒకటి మిగిలింది. సేవ్ చేస్తే అది నా పేరు కిందికొచ్చి కూచుంది. చెరిపినాను. మళ్లీ వచ్చింది.

ఒళ్లు మండి నెల్లితోపులో సీతాపతి అన్న ఇంటికి ఫోన్ చేసినాను. "ఏందన్నా ఇది? ఖాళీ వరుస దానంతటదే లోపలికొస్తా ఉంది!"

"ఆ భాగం నేను ముట్టుకోనే లేదు వసంతా. పొద్దున చూద్దాం, ఇంటికి పో."

పోయే ముందు నా పేరును ‘బయట’ కిందికి జరిపి సేవ్ చేసినాను. ఖాళీ వరుస కూడా నా వెనకే వచ్చింది.

"చావు" అని తిట్టి, కంప్యూటర్ ఆపి తలుపు తీసినాను.

ఏసీ గదిలోకి చెప్పులతో రాకూడదని గుమ్మం బయటే విడుస్తాం. నా చెప్పుల పక్కన తడి ఇసుక అంటిన ఇంకో జత ఉంది. రెండు జతలనూ ఎవరో వీధి వైపు తిప్పి పెట్టినారు.