దుబాయి సారు

“మెల్లగ చెప్పుమన్న గద బిడ్డా! ఎనుక ఎవలన్న తరుముతున్నరా?”

టేప్‌రికార్డర్‌లోంచి తండ్రి గంగాకిషన్ గద్దించాడు. రెండో తరగతి చదివే గంగామణి దాని ముందు చేతులు కట్టుకుని నిలబడింది, తండ్రి నిజంగానే ఎదుట ఉన్నట్టు.

“పోయినసారి చెప్పిన పాఠమే మల్ల మొదటికెల్లి చెప్పు. ఒత్తు యాడ పెట్టాల్నో గూడ చెప్పు. ఒప్పజెప్పుడు చిలుక గూడ చేస్తది. అక్షరం యాడ మొదలువెట్టి యాడ ఆపాల్నో చెప్తేనే సదువచ్చినట్టు.”

చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న తల్లి శంకరమ్మ మురిసిపోయింది.

“సూసినవా? ఏడు సదివినోడంటే గట్లుంటది!”

శంకరమ్మ బడి మొహం చూసిన మనిషి కాదు. గంగాకిషన్ ఏడో తరగతి చదివాడని విని, ఆ గొప్పకే ఆమె తండ్రి అతనికి పిల్లనిచ్చాడు. ఆర్మూర్‌లో గోడలు కట్టిన మేస్త్రీ దుబాయి పోయి అక్కడా గోడలే కడుతున్నాడు. ఉత్తరం మాత్రం ఏనాడూ రాయలేదు. ఊరికొచ్చే వాళ్ల చేత క్యాసెట్టు పంపేవాడు.

“జాబు రాస్తే నువ్వు ఇంకొకలతోటి సదివించుకోవాలె. మొగడు పెండ్లాల ముచ్చట వాడకంత ఎందుకే?” అన్నాడు ఒక క్యాసెట్టులో. శంకరమ్మ సిగ్గుపడి మళ్లీ ఆ ఊసెత్తలేదు.

గంగామణికి మాత్రం క్యాసెట్టు వచ్చిందంటే గుండెల్లో రాయి పడేది. ఇక ఆటల్లేవు. చెప్పిన పాఠమే చెప్పి, రాసే తీరు నోటితో వివరించి, మళ్లీ చెప్పి, అదంతా క్యాసెట్టులో రికార్డు చేసి పంపాలి. చివరికి అయిపోయిన తరగతి పుస్తకాలు కూడా పంపమన్నాడు, చింపిందో లేదో చూస్తానని. తోటి పిల్లలు అతనికి ‘దుబాయి సారు’ అని పేరు పెట్టారు.

ఈ పేరు అసలు సారు చెవిన పడింది. పిల్లల చదువు తల్లిదండ్రులు పట్టించుకోవాలని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టిన మనిషి భూమేశ్వర్ సారు. బడిలో మీటింగు పెడితే, పసుపు ఉడకబెట్టే రోజులని కొందరు, బీడీలు కార్ఖానాలో ఇచ్చిరావాలని కొందరు ఎగ్గొట్టేవాళ్లు. ఈసారి దొరికిన నలుగురినీ కూర్చోబెట్టి దులిపేశాడు.

“గంగాకిషన్ సముద్రం అవతలుండి బిడ్డ పాఠం ఇంటుండు. మీకు మీ పోరగాడు ఎన్నో తరగతో తెల్వది! గాయన కాలిగోటికి సాలరు మీరు.”

ముగ్గురు తలలు వంచుకున్నారు. నాలుగో తల శంకరమ్మది. అది బాగా పైకి లేచింది.

పరీక్షలయ్యాయి. గంగామణి తరగతిలో ఫస్టు వచ్చింది. ఆ కబురు దుబాయి చేరిన కొన్నాళ్లకే కొత్త క్యాసెట్టు వచ్చింది.

“ఫస్టు వచ్చినవట, సంతోషం బిడ్డా. గని మూడుకు పోవద్దు. ఇంకో ఏడాది రెండులనే కూసో. పునాది పచ్చిగున్నప్పుడు గోడ లేపితే కూలుతది. సారుకు చెప్పుమను మీ అమ్మను.”

గంగామణి గొల్లుమంది. “నేనేం తప్పు చేసిన అమ్మా? ఫస్టు వచ్చినందుకా?”

శంకరమ్మ బిడ్డ కళ్లు తుడిచింది. కానీ ఏడు చదివినవాడి మాట, ఎలా కాదంటుంది? కొంగు దోపుకుని బడికి వెళ్లింది.

“ఫస్టు వచ్చిన పిల్లను ఆపాల్నా? నీ పెనిమిటికి మతి ఉన్నదా?” అన్నాడు సారు.

“మీరే అంటిరి గద సారూ, గాయన కాలిగోటికి ఎవ్వలు సాలరని!”

సారు నెత్తి గోక్కున్నాడు.

“అది ఏరే ముచ్చట చెల్లె. తోటోళ్లు ముందటికి పోతే ఇది ఎనుక కూసుంటదా? సిగ్గువడి బడే మానేస్తది.”

“మా అత్త గూడ గదే అంటుంది. ముందటికి పోని బడి ఎందుకు, పోరికి చాట ఇయ్యుండ్రి అంటుంది.”

సారు ఇక ఆగలేదు. చెప్పులేసుకుని ఆమె వెంటే ఇంటికి వచ్చి, టేప్‌రికార్డర్ ముందు కూర్చున్నాడు.

“గంగాకిషన్! సదువుకున్నోనివి, నీకు నేను చెప్పాల్నా? బిడ్డ బడి మానితే జన్మంత బీడీలే. నువ్వు అడిగినదంతా దానికి వచ్చు. రానిదేందో ఒక్కటి చెప్పు, నేనే ఆపుత!”

కమ్మర్‌పల్లి నుంచి దుబాయి పోయే ఒకతని చేతికి క్యాసెట్టు ఇచ్చారు. బడి తెరిచినా జవాబు రాలేదు. తోటి పిల్లలు మూడులో కూర్చున్నారు. మొగడి మాట లేనిదే గంగామణిని అందులోకి పంపనంది శంకరమ్మ. రెండుకు పోనని గంగామణి మొండికేసింది. శంకరమ్మ అత్త చిన్న చాట కొనుక్కొచ్చింది. పిల్ల బీడీ ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.

జవాబు వచ్చిందని తెలియగానే సారు ఉరికొచ్చాడు. క్యాసెట్టు తిరిగింది.  ఎప్పుడూ గద్దించే గొంతు ఈసారి నసిగింది.

“సారూ, దండం. తప్పు నాదే. బిడ్డను రేపే మూడుకు తోలుండ్రి. శంకరీ, పోరిని బీడీలు ముట్టనియ్యకు.”

గంగామణి చాట పక్కకు తోసి చెంగున లేచింది. సారు మీసం దువ్వుకున్నాడు.

“సూసినవా చెల్లె? సదువుకున్నోనికి ఒక్క మాట సాలు!”

“ఆగుండ్రి సారూ, ఇంక ఉన్నది,” అంది శంకరమ్మ.

గొంతు మరీ సన్నబడింది.

“బిడ్డకు అంతా వచ్చు సారూ. రానిదేందో చెప్పుమంటిరి, చెప్త. శంకరికి కోపం రాకుంట మీరే జర చూసుకోవాలె.

“రెండో తరగతి ఇంకా రాంది నాకే.”