వదలని చెయ్యి

"ముందు ఆయన చెయ్యి వదులు!" స్కానింగ్ గది టెక్నీషియన్ గదమాయించింది.

చిరిగిన చొక్కావాడు వదల్లేదు. అతనికి ఒక కన్ను వాచి మూసుకుపోయింది. ముందు పళ్లు రెండు లేవు. ముంజేతి నిండా పంటిగాట్లు.

అతను పట్టుకున్నది ఇస్త్రీ చొక్కావాడి మణికట్టు. నున్నగా తల దువ్వుకుని, ఆ రెండోవాడు బుద్ధిగా నిలబడ్డాడు.

ఇద్దరూ అన్నదమ్ములు. స్కిజోఫ్రీనియా ఒకే కుటుంబంలో ఎలా పాకుతుందో తెలుసుకోవడానికి, డాక్టరుగారు తోబుట్టువుల మెదళ్లకు బొమ్మలు తీయించి పక్కపక్కన పెట్టి చూస్తున్నారు.

"వీడు నా తమ్ముడమ్మా. వదిల్తే కష్టం."

"ఇక్కడికొచ్చిన ప్రతివాడూ పక్కవాడికే పిచ్చంటాడు!"

పదిహేనేళ్ల సర్వీసు ఆవిడది. ఫైలు తెరవక్కర్లేదు, మనిషిని చూస్తే చాలు, రోగి ఎవరో చెప్పేస్తానని ధీమా. మొహం చూసి బొట్టు పెట్టే రకం.

ఇద్దరు అటెండర్లు అతని వేళ్లు విరిచినంత పని చేసి విడదీశారు. ఒకడు కడుపులో గుద్దాడు. ఇంకొకడు దవడ పగిలేలా కొట్టాడు. అతను చెయ్యెత్తలేదు. నెత్తురు ఉమ్మి అన్నాడు.

"సరే, నన్నే ముందు పడుకోబెట్టండి. వాడు అద్దంలోంచి చూస్తే భయం పోతుంది. తలుపు మాత్రం గడియ పెట్టండమ్మా."

"నా పని నాకు నేర్పుతావా?"

బల్లకు బెల్టులతో బిగించి యంత్రంలోకి తోశారు. ఆవిడ తలుపు దగ్గరగా వేసి, అద్దం ఇవతలికి వచ్చింది. గడియ పెట్టలేదు.

యంత్రం దబదబా మోగింది. మూడు నిమిషాలు ఇస్త్రీ చొక్కావాడు ఆవిడ పక్కనే కదలకుండా చూశాడు. ఆ తర్వాత పెదవులు వణికాయి.

"కొడుతున్నారు... అన్నయ్య తల బద్దలు కొడుతున్నారు!"

ఆవిడ తిరిగేలోపే జుట్టు పట్టి తలను టేబులుకేసి కొట్టాడు. అడ్డొచ్చిన అటెండరు మోచెయ్యి విరిచాడు. రెండో అటెండరు కాళ్లకు బుద్ధి చెప్పాడు. యంత్రాన్ని పగలగొట్టి అన్నను విడిపించుకోవాలని, తమ్ముడు వరండాలో ఉన్న చిన్న ఆక్సిజన్ సిలిండర్ ఎత్తుకుని తలుపు తన్నాడు.

"ఇనుము! లోపలికి ఇనుము వద్దు!" ఆవిడ అరిచింది.

ఆ యంత్రం కడుపంతా అయస్కాంతమే. గుమ్మం లోపల నేల మీది ఎర్రగీత దాటగానే సిలిండర్‌ని అతని చేతుల్లోంచి లాగేసుకుంది. బెల్టుల్లో ఉన్నవాడికి తప్పుకునే దారి లేదు.

బల్లను బయటికి లాగేసరికే అంతా అయిపోయింది. తమ్ముడు నెత్తుట్లో మోకాళ్ల మీద కూర్చుని, అన్న వేళ్లను తన మణికట్టు చుట్టూ మళ్లీ మళ్లీ బిగించుకుంటున్నాడు. అవి జారిపోతున్నాయి.

డాక్టరుగారు వచ్చేసరికి ఆవిడ వెక్కివెక్కి ఏడుస్తోంది.

"పాపం మూటగట్టుకున్నాను సార్. రోగిని వదిలేసి, ఏ జబ్బూ లేనివాణ్ణి కట్టేశాను."

ఆయన తెర మీద బొమ్మల్ని చూస్తున్నారు. "మెదడు మధ్య ఈ నీటి గదులు చూడు, ఎంత పెద్దవయ్యాయో. ఈ జబ్బున్నవాళ్లకి తరచు ఇలా అవుతాయి."

"తమ్ముడివా సార్?"

"తమ్ముడికి ఇంకా తియ్యనే లేదుగా. బొమ్మ ఒక్కటే చాలదు, ఫైలు తెరువు."

ఆవిడ తెరిచింది.

జబ్బు ఎన్నాళ్లనుంచి అన్నచోట తమ్ముడికి నాలుగేళ్లని, అన్నకు ఇరవై రెండేళ్లని రాసి ఉంది.