మరగని నీళ్లు

కాకినాడలో గ్యాస్ పొయ్యిలు పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ప్రతి వంటింట్లోనూ ఆలోచించే పెట్టె ఉంది. ప్రశ్న అడిగితే అది వేడెక్కుతుంది, ఆ వేడి మీదే గిన్నె పెట్టుకోవాలి. ప్రశ్న ఎంత చిక్కుదైతే నీళ్లు అంత త్వరగా మరుగుతాయి. పాత ప్రశ్నకు పెట్టె వేడెక్కదు కాబట్టి, కాఫీ వేళకు ఇరుగుపొరుగువాళ్లు ఒకరినొకరు కొత్త ప్రశ్నలు చేబదులు అడుగుతారు.

ఆ పొద్దున లహరి ఇంటికి అక్క ప్రణవి చెప్పాపెట్టకుండా వచ్చింది. అమ్మ పోయినప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. చెప్పులైనా విప్పకుండా గుమ్మం దగ్గరి కుర్చీలో కూర్చుంది. ఎప్పుడు లేచి వెళ్లిపోతుందోనని లహరి కాలుగాలిన పిల్లిలా వంటింట్లో తిరిగింది.

కాఫీకి నీళ్లు పెట్టి, "ఇవాళ వానొస్తుందా?" అని పెట్టెను అడిగింది. గిన్నె వెచ్చబడనైనా లేదు.

"సముద్రం ఎందుకు ఉప్పగా ఉంటుంది?" అంది. అడుగున రెండు బుడగలు లేచి ఆగిపోయాయి.

"కాఫీలేం వద్దులేవే," అంది ప్రణవి లేవబోతూ.

లహరి పెట్టె మీదికి వంగి గొంతు తగ్గించింది. "మా అక్క ఎందుకొచ్చింది?"

పెట్టె గుయ్యిమంది. నీళ్లు కదిలాయి.

"దాన్నెందుకే అడగడం, నన్నడుగు." ప్రణవి చెప్పులు విప్పి వంటింట్లోకి వచ్చేసింది. "ఎల్లుండి నాకు గుండె ఆపరేషను. నువ్వు పక్కనుండాలి."

జవాబు దొరికిపోవడంతో పెట్టె చల్లబడింది.

లహరి దగ్గర ఇంకో ప్రశ్న ఉంది, అమ్మ పోయినప్పటి నుంచీ దాచుకున్నది. అడిగితే నీళ్లు తెర్లిపోయేవి. అడగలేదు. ఆ గోరువెచ్చటి నీళ్లలోనే కాఫీ కలిపి అక్క చేతికిచ్చింది.