ఐదో గది బెల్లు

ఐదో గది బెల్లు మళ్ళీ మోగింది.

నర్సు పళ్ళు కొరుక్కుంది. ఇద్దరుండాల్సిన వార్డులో ఆమె ఒక్కతే. పొద్దున డ్యూటీ ఎక్కిన దగ్గర్నుంచి నడుం వాల్చింది లేదు. పిక్కల్లో నరాలు తాళ్ళలా ఉబ్బి లాగేస్తున్నాయి.

"మీ ముద్దుల పెద్దమ్మే సిస్టర్," ఆయా నవ్వింది. "వెళ్ళండి, మీరు వెళ్తేగానీ ఊరుకోదు."

గదిలో ముసలావిడ దిండుకి ఆనుకుని కూర్చుంది. మోకాళ్ళ దాకా కట్లు. ఎన్నాళ్ళయినా మానని పుళ్ళు. పైగా కిడ్నీలు కూడా పాడయ్యాయి.

"ఏం కావాలి పెద్దమ్మా?"

"గుండె దడగా ఉంది తల్లీ. ఆ కుర్చీ లాక్కుని కాస్త నాడి చూడు."

చూసింది. దడా లేదు, గిడా లేదు.

"బాగానే ఉంది."

"అంత తొందరైతే ఎలాగమ్మా? ఇంకాసేపు చూడు."

మర్నాడు మళ్ళీ బెల్లు.

"ఈ నీళ్ళు అదోలా ఉన్నాయి. తాగి చెప్పు."

నర్సు ఒక గుక్క తాగింది. "మంచినీళ్ళే."

"గుక్కకేం తెలుస్తుంది? గ్లాసంతా తాగు."

సాయంత్రం ఇంకోసారి.

"బాత్రూంలో పంపు కారుతున్నట్టుంది. వెళ్ళి చూడు. తలుపేసుకో, నాకు గాలి పడదు."

పంపు కారడం లేదు. ఎలాగూ వచ్చాను కదా అని నర్సు తన పని కూడా చూసుకుని బయటికొచ్చింది.

ఆ మరుసటి రోజు వార్డు సంతలా ఉంది. ఇంజెక్షన్ ఆలస్యమైందని డాక్టరు అందరి ముందూ కడిగేశాడు. ఒక రోగి తమ్ముడు మీద మీదకొచ్చాడు. ఆమెకి తల పగిలిపోతోంది. సరిగ్గా అప్పుడే బెల్లు మోగింది.

"దిండు సర్దు తల్లీ. పక్కన కూర్చుని సర్దితేనే నాకు కుదురుతుంది."

"నేను మీ ఇంటి పనిమనిషినా? మీకు పొద్దుపోకపోతే నా ప్రాణాలు తోడెయ్యాలా?"

ముసలావిడ నర్సు కాళ్ళ వంకే చూస్తూ ఉండిపోయింది.

నర్సు వెళ్ళి హెడ్ సిస్టర్‌తో మొరపెట్టుకుంది. మధ్యాహ్నానికల్లా ఆవిడని వరండా చివరి వార్డుకి మార్చేశారు. అక్కడ మంచాలకి బెల్లులు లేవు.

'పీడ విరగడైంది,' అనుకుంది నర్సు.

ఆ తర్వాత ఆమెనెవరూ ఊరికే పిలవలేదు. ఆమె కూర్చున్నదీ లేదు. ఆ వారంలోనే వరండాలో కళ్ళు తిరిగి, గోడ పట్టుకుని అలాగే కూలబడింది.

ఆయా పరుగెత్తుకొచ్చింది. "పొద్దున్నుంచి నీళ్ళైనా తాగారా?"

గుర్తు రాలేదు.

అప్పుడే వరండా చివర్నుంచి స్ట్రెచర్ ఒకటి వచ్చింది. నిలువెల్లా దుప్పటి కప్పారు. కట్లు కట్టిన పాదాలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. వెనకాల ముసలావిడ కూతురు నడిచి వస్తోంది.

నర్సు గోడ పట్టుకుని లేవబోయింది. లేవలేకపోయింది.

కూతురే ఆగి పక్కన కూర్చుంది. "ఐదో గదిలో అమ్మని చూసింది మీరేనా?"

"నేనే... ఆవిడ మీద అరిచానండీ."

"చెప్పింది. మీ మీద కోపం లేదు."

"మరి అన్నిసార్లు ఎందుకు పిలిచేవారు?"

కూతురు కళ్ళు తుడుచుకుంది.

"అమ్మ కూడా నర్సేనండీ, ఆ కాళ్ళూ ఆ కిడ్నీలూ పాడైంది ఈ ఉద్యోగంలోనే... 'నేను పిలవకపోతే ఆ పిల్ల కూర్చోదే' అని బెల్లు నొక్కేది."